క్యారవాన్ బయటి బిగింపులు వదులైతే: రేకు వెనక చూసి బాగుచేసే పద్ధతి

క్యారవాన్ తలుపు పక్కన ఎక్కేటప్పుడు పట్టుకునే పిడి కదులుతోందంటే చాలామంది చేసే మొదటి పని స్క్రూడ్రైవర్ తెచ్చి బిగించడం. అరచుట్టు తిరిగి గట్టిపడితే సరే. తిరుగుతూనే ఉన్నా, గట్టిపడినట్టే ఉండి వారంలో మళ్లీ కదిలినా లోపం స్క్రూలో లేదు. అది కరుచుకున్న రేకులోనో, రేకు వెనక ఉండాల్సిన ఆధారంలోనో ఉంది. ఇంకా బిగిస్తే మిగిలిన నాలుగు మరలు (స్క్రూ కరుచుకునే గీతలు) కూడా పోతాయి. కాబట్టి బయటి సామాను ఏది వదులైనా ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఇది దేన్ని పట్టుకుని నిలబడుతోంది?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తిరిగే బండికి ఈ ప్రశ్న మరీ ముఖ్యం. మైపాడు, కొత్తపట్నం ఒడ్డున ఒక రాత్రి నిలిపితే చాలు, ఉప్పుగాలి ప్రతి స్క్రూ తల కిందా చేరుతుంది. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ లారీలు నలిపిన రోడ్ల మీద ఆ ఉప్పు చేరిన స్క్రూలే అదురుతాయి. పైగా మనకు పెద్ద వానలు జూన్, జూలైలో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తాయి. గాలితో కలిసి అడ్డంగా కొట్టే వాన అది. పైనుంచి కారని సందులోకి కూడా పక్కనుంచి దూరుతుంది. కదిలే పిడి వల్ల కలిగే ఇబ్బంది చిన్నదే, దాని రంధ్రంలోంచి లోపలికి పోయిన నీళ్లు చేసే నష్టం పెద్దది. ప్లైవుడ్ ఉబ్బుతుంది, ఇనప ఫ్రేము లోపలినుంచి తుప్పు పడుతుంది. అవి బయటికి కనిపించేసరికి ఆ భాగం మొత్తం విప్పాల్సి వస్తుంది. అందుకే ఈ పనులన్నీ సెప్టెంబరు లోపు ముగించుకోవాలి.

బండి చుట్టూ ఒకసారి

ఎండ ఎక్కకముందే, బండి కడిగి ఆరిన తర్వాత చూడండి. ప్రతి పిడి, బందు, బ్రాకెట్, లైటు, మడ్ ఫ్లాప్, నిచ్చెన కాలు చేత్తో పట్టుకుని, అది పనిచేసే దిశలోనే లాగాలి. పిడిని బయటికి, నిచ్చెనను వెనక్కి, డిక్కీ తలుపును తెరిచి కిందికి. ఊరికే అటూ ఇటూ ఊపితే పట్టు పోయిన స్క్రూ కూడా గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది. లాగేటప్పుడు రెండో చేతి వేలు బ్రాకెట్టుకూ రేకుకూ మధ్య సందు మీద పెట్టండి. కంటికి కనిపించని కదలిక వేలికి తెలుస్తుంది.

స్క్రూ కింద గోధుమరంగు చార కారి ఉంటే లోపల ఇనుము తుప్పు పడుతోంది. అల్యూమినియం రేకు మీద వాషరు చుట్టూ నల్లటి మసి ఉంటే ఆ రెండూ ఒకదానితో ఒకటి రాసుకుంటున్నాయి, అంటే ఎప్పటినుంచో వదులుగా ఉంది. తెల్లటి పొడి ఉంటే అల్యూమినియాన్ని ఉప్పు తింటోంది. బ్రాకెట్ మూల దగ్గర పెయింటు వెంట్రుక మందాన చిట్లితే రేకు అక్కడ వంగుతోంది, కొన్నాళ్లకు చీలుతుంది. కనిపించిన ప్రతిచోటా మాస్కింగ్ టేపు ముక్క అంటించి గుర్తు రాసుకోండి. తర్వాత లోపలికి వెళ్లి అదే చోటు వెనక గోడను స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. మిగతా గోడ కంటే మొద్దుగా పలికినా, మెత్తగా దిగినా, ముక్కిన వాసన వచ్చినా నీళ్లు అప్పటికే చేరాయి.

రేకు వెనక ఏముంది

మన దగ్గర క్యారవాన్లలో ఎక్కువ భాగం బస్సు బాడీ కట్టినట్టే కడతారు. ఇనప పైపుల ఫ్రేము, దాని మీద జీఐ (జింకు పూసిన ఇనప) రేకు లేదా అల్యూమినియం రేకు, లోపల ఇన్సులేషన్, ఆపైన ప్లైవుడ్. రెండో రకం శాండ్‌విచ్ ప్యానెల్. అంటే రెండు పలుచటి ఎఫ్ఆర్‌పీ (ఫైబర్ గ్లాస్) లేదా అల్యూమినియం పొరలు, మధ్యలో ఫోమ్ లేదా థర్మోకోల్. మూడోది టెంపో ట్రావెలర్ లాంటి కంపెనీ బాడీనే లోపల మార్చుకున్నది. ఈ మూడింటికీ మరమ్మతు వేరు. ఒకదానికి చేసేది ఇంకోదానికి చేస్తే చెడుతుంది.

ఫ్రేము ఎక్కడుందో కనుక్కోవడానికి ఒక చిన్న అయస్కాంతం చాలు. అల్యూమినియం లేదా ఎఫ్ఆర్‌పీ పొర మీద నెమ్మదిగా జరిపితే ఇనప పైపు ఉన్నచోట కొద్దిగా లాగుతుంది. బయటి రేకే జీఐ అయితే అంతటా అంటుకుంటుంది కాబట్టి అప్పుడు రివిట్ల వరసను చూసి పోల్చుకోవాలి. రివిట్లు నిలువుగా, అడ్డంగా ఒకే వరసలో ఉన్నచోట పైపు ఉంటుంది. ఇంకా అనుమానముంటే దగ్గర్లోని సైడు లైటు ఒకటి విప్పి, ఆ రంధ్రంలోంచి ఫోను కెమెరాతో లోపలికి చూడండి.

డ్రిల్ పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి. మిద్దె మీద సోలార్ ప్యానెల్ ఉంటే దాని ఫ్యూజు కూడా తీయాలి, ఎందుకంటే బ్యాటరీ తీసినా పగటిపూట ఆ తీగల్లో కరెంటు ఉంటుంది. బయటి కరెంటు ప్లగ్గు పీకి, ఇన్వర్టర్ ఆపి, గ్యాసు సిలిండర్ వాల్వు మూసేయాలి. వంటగట్టు వెనక గోడలో గ్యాసు పైపు, నీళ్ల పైపు వెళ్తుంటాయి కాబట్టి అక్కడ కొత్త రంధ్రం వేయకపోవడమే మేలు. మిగతా చోట్ల కూడా డ్రిల్ బిట్టుకు కావలసిన లోతు దగ్గర టేపు చుట్టి, అక్కడికి రాగానే ఆపండి.

స్క్రూలు, బోల్టుల ఎంపిక

హార్డ్‌వేర్ షాపులో పసుపుగా, తెల్లగా మెరిసే జింకు పూత స్క్రూలు మన తీరానికి పనికిరావు. స్క్రూడ్రైవర్ తగిలి తల మీద పూత లేచిన చోటి నుంచే తుప్పు మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ తీసుకోండి. 304 రకం చాలావరకు సరిపోతుంది. తరచూ సముద్రపు ఒడ్డున నిలిపే బండికి 316 మేలు. బోల్టు తల మీద ఏ2 అని ఉంటే 304 తరగతి, ఏ4 అని ఉంటే 316 తరగతి. అయస్కాంతం గట్టిగా పట్టేసిన స్క్రూను స్టెయిన్‌లెస్ అని అమ్మినా ఒడ్డుకు వాడకండి. కొద్దిగా లాగడం మాత్రం మంచి రకంలో కూడా ఉంటుంది.

స్టెయిన్‌లెస్‌తో రెండు చిక్కులు ఉన్నాయి. ఒకటి, అల్యూమినియాన్ని తాకినచోట ఉప్పునీరు చేరితే అల్యూమినియం కరుగుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టు చిన్నది, అల్యూమినియం రేకు పెద్దది అయితే నష్టం నెమ్మదిగా జరుగుతుంది. అదే పెద్ద స్టెయిన్‌లెస్ బ్రాకెట్టును చిన్న అల్యూమినియం రివిట్లతో కొడితే రివిట్లను ఉప్పు త్వరగా తినేస్తుంది. బ్రాకెట్టు ఏ లోహమో రివిట్టూ అదే లోహం కావాలి, లేదా బోల్టు వాడాలి. బ్రాకెట్టుకూ రేకుకూ మధ్య నీళ్లు దూరకుండా మూసే సీలెంట్ పొర, బోల్టు కింద నైలాన్ వాషరు ఉంటే రెండు లోహాలు నేరుగా తాకవు. రెండో చిక్కు, స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీద వేగంగా తిప్పితే మరలు ఒకదాన్నొకటి కరిచి ఇరుక్కుపోతాయి. ఇక అది ముందుకూ రాదు, వెనక్కూ పోదు, కోయాల్సిందే. మరలకు కొద్దిగా గ్రీజు రాసి, మిషన్‌తో కాకుండా పానాతో నిదానంగా తిప్పండి.

నాలుగు బోల్టుల పిడి ఒకటి బాగుచేయడానికి ఎం6 (6 మి.మీ. మందపు) స్టెయిన్‌లెస్ బోల్టులు 4, అదే సైజు నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి అదురుకు వదలనివి) 4, 25 మి.మీ. వెడల్పాటి వాషర్లు 4, వెనక పెట్టడానికి 3 మి.మీ. మందపు అల్యూమినియం పట్టీ 50 × 100 మి.మీ. ముక్కలు 2, బ్యూటైల్ టేపు (మెత్తటి జిగట సీలెంట్ పట్టీ) అర మీటరు కావాలి. బోల్టు పొడవు ఎంతుండాలో లెక్కవేయండి: పిడి అడుగు మందం, గోడ మందం, పట్టీ, వాషరు, నట్టు కలిపి, నట్టు దాటి రెండు మూడు మరలు బయట కనిపించాలి. నట్టులో ఉన్న నైలాన్ రింగును బోల్టు దాటి రాకపోతే అది పట్టదు. ఒకసారి విప్పిన నైలాక్ నట్టును మళ్లీ వాడకండి. దాని ధరకు ఆ తెగింపు అక్కర్లేదు.

పాతవి విప్పడం

తుప్పు పట్టిన స్క్రూ మీద తుప్పు వదిలించే నూనె పిచికారీ కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున స్క్రూడ్రైవర్ దాని తలలో సరిగ్గా కూర్చోబెట్టి, వెనకనుంచి సుత్తితో రెండు దెబ్బలు వేసి, ముందు కొద్దిగా బిగించే వైపు తిప్పి తర్వాత విప్పండి. తల అరిగిపోతే, స్క్రూ ఒంటి మందమున్న బిట్టుతో తలను తొలిచేయండి. బ్రాకెట్ ఊడి వచ్చాక మిగిలిన మొండాన్ని కటింగ్ ప్లేయరుతో పట్టి తిప్పవచ్చు. గ్యాసు మంటతో వేడిచేయడం బస్సు షెడ్లలో అలవాటే కానీ ఇక్కడ వద్దు. రేకు వెనక ఫోమ్, థర్మోకోల్ ఉన్నాయి. బయటికి కనిపించకుండా లోపల అంటుకుంటుంది.

పోయిన రంధ్రాన్ని ఎలా బాగుచేయాలి

నంబర్ ప్లేటు, రిఫ్లెక్టరు, చిన్న క్లిప్పు లాంటి తేలిక సామానుకు ఒక సైజు పెద్ద స్క్రూ చాలు. 8 నంబరు స్క్రూ, అంటే 4.2 మి.మీ.ది పోతే 10 నంబరు, అంటే 4.8 మి.మీ.ది వేయవచ్చు. ఇది ఒక్కసారికే. అది కూడా పోతే ఇంకా పెద్దది వెతకడం మానేసి పద్ధతి మార్చాలి. ఒక మి.మీ. రేకులో సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ పట్టేది ఒకటో రెండో మరలతోనే. అదురుకు అవి ఎన్నాళ్లో నిలవవు.

వెనకవైపు చెయ్యి పెట్టే వీలు లేని రేకుకు రివిట్ నట్టు, అంటే బయటినుంచే దూర్చి గన్‌తో లాగితే వెనక ఉబ్బి రేకును పట్టుకునే, లోపల మరలున్న గొట్టం, సరైన మందు. రంధ్రం కొలత తప్పకూడదు: ఎం5కు 7 మి.మీ., ఎం6కు 9 మి.మీ., ఎం8కు 11 మి.మీ. పలుచటి రేకులో మామూలు బిట్టు మూడు మూలల రంధ్రం చేస్తుంది, మెట్లుమెట్లుగా వెడల్పయ్యే స్టెప్ డ్రిల్ వాడితే గుండ్రంగా వస్తుంది. అంచుల గరుకును చిన్న ఆకురాయితో తీసి, ఇనప పొడిని బ్రష్షుతో పూర్తిగా దులిపేయండి. ఆ పొడి పెయింటు మీద మిగిలిపోతే తొలి మంచుకే తుప్పు చుక్కలు పడతాయి. కోసిన అంచుకు జింకు ప్రైమరు పూయండి. ఆరాక రివిట్ నట్టు అంచు కింద పలుచగా సీలెంట్ రాసి, రంధ్రంలో పెట్టి, గన్‌తో లాగండి.

రివిట్ నట్టు చెడేది మూడు విధాలుగా. రంధ్రం అర మి.మీ. పెద్దదైనా బోల్టుతోపాటు నట్టు కూడా తిరుగుతుంది. సరిగ్గా లాగకపోయినా అంతే. మరీ ఎక్కువ లాగితే లోపలి మర పోతుంది. ముందు అదే మందపు పాత రేకు ముక్క మీద ఒకటి రెండు లాగి చేతికి అలవాటు చేసుకోండి. ఒంటి మీద నిలువు గీతలున్న రకం నున్నటిదాని కంటే బాగా పడుతుంది. పెట్టె మీద రాసిన పట్టు మందం, అంటే ఆ నట్టు ఎంత మందపు రేకును పట్టగలదో అది, మీ రేకు మందానికి సరిపోవాలి, ఇది చాలామంది చూడరు. తిరిగే నట్టు తీయాలంటే దాని అంచును పెద్ద బిట్టుతో తొలిచేసి మిగతాది లోపలికి నెట్టేయాలి.

బ్రాకెట్టును పాప్ రివిట్లతో కొట్టినచోట, 4.8 మి.మీ. రివిట్టు ఊడితే 4.9 లేదా 5 మి.మీ. రంధ్రంలో కొత్తది వేయండి. పొడవుకు లెక్క ఇది: కలిపే మందాలన్నీ కూడి, దానికి రివిట్ మందానికి ఒకటిన్నర రెట్లు కలపాలి. 3 మి.మీ. బ్రాకెట్టు, 1 మి.మీ. రేకు అయితే 4 మి.మీ., దానికి సుమారు 7 కలిపితే 11, అంటే 12 మి.మీ. రివిట్టు. బయటి గోడకు చివర మూసి ఉన్న రకమే కొనండి. మామూలు రివిట్టు నడుమ సన్నటి రంధ్రం ఉంటుంది, నీళ్లకు అదే దారి.

శాండ్‌విచ్ గోడకు ఇవేవీ సరిపోవు. పలుచటి పొరలో రివిట్ నట్టు పెట్టి బరువు వేస్తే పొరతో సహా ఊడి వస్తుంది. ఇక్కడ చేయాల్సింది పాత రంధ్రాన్ని నింపి మళ్లీ తొలవడం. ఎం6 బోల్టు కోసమైతే బయటి పొరను 12 మి.మీ. తొలవండి, లోపలి పొర జోలికి పోకండి. వంచిన మేకును డ్రిల్ చక్‌లో పెట్టి నెమ్మదిగా తిప్పితే చుట్టూ ఉన్న ఫోమ్ 8, 10 మి.మీ. దాకా రాలిపోతుంది. వాక్యూమ్‌తో లాగేయండి. లోపల తడి ఉంటే అది పూర్తిగా ఆరేదాకా ఆగాలి, రెండు మూడు రోజులైనా సరే. తర్వాత మామూలు ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు), నిదానంగా గట్టిపడే రకం, డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి, మొదట పలుచగా లోపలి గోడలకు రాయండి. మిగిలినదానిలో సన్నటి చెక్కపొడి పేస్టులా అయ్యేదాకా కలిపి, సూదిలేని సిరంజితో అడుగునుంచి పైకి నింపండి. పైనుంచి పోస్తే గాలి లోపలే చిక్కుకుంటుంది. ఒకేసారి ఎక్కువ నింపితే ఎపాక్సీ తనంతట తనే వేడెక్కి పక్కన థర్మోకోల్‌ను కరిగిస్తుంది. లోతైన గుంటను రెండు విడతల్లో నింపండి. ఒక రోజు ఆరాక 6.5 మి.మీ. రంధ్రం వేయండి. ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ మన మే నెల ఎండకు మెత్తబడుతుంది, వాడవద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పడవలు, నీళ్ల తొట్లు చేసే ఎఫ్ఆర్‌పీ షాపుల్లో దొరికేది పాలిస్టర్ రెసిన్. దాన్ని థర్మోకోల్ ఉన్న గోడలో పోస్తే థర్మోకోల్ పూర్తిగా కరిగి, లోపల బోలు ఏర్పడుతుంది. మధ్యలో ఏ ఫోమ్ ఉందో తెలియకపోతే ఎపాక్సీయే వాడాలి. పెయింటర్లు వాడే లప్పం కూడా స్క్రూను పట్టదు.

గోడను అటూ ఇటూ బోల్టుతో బిగిస్తే, బిగింపు పెరిగేకొద్దీ మధ్య ఫోమ్ నలిగి గోడ లోపలికి గుంతపడుతుంది. ఎపాక్సీ నింపిన చోట ఈ భయం లేదు. నింపని చోట, గోడ మందానికి సరిగ్గా కోసిన అల్యూమినియం గొట్టాన్ని రంధ్రంలో పెట్టి, దాని లోపలినుంచి బోల్టు పోనిస్తే బిగింపు బరువంతా ఆ గొట్టమే మోస్తుంది.

చెక్క పట్టీలు ఉన్న పాత బండిలో స్క్రూ రంధ్రం మెత్తబడితే, రంధ్రంలో అగ్గిపుల్లలు, జిగురు కుక్కే చిట్కా తేలిక క్లిప్పులకే పరిమితం చేయండి. చెక్క గోటికి దిగుతుంటే అది పుచ్చింది. గట్టి చెక్క తగిలేదాకా తీసేసి, అదే మందపు టేకు ముక్కను ఎపాక్సీతో అతికించి, దాని మీద కొత్త స్క్రూ వేయాలి.

సీలెంట్: సగం పని ఇక్కడే

బిగింపు ఎంత బాగా చేసినా, సీలెంట్ తప్పు అయితే రెండో వానాకాలానికి అదే చోట చెక్క పుచ్చుతుంది. బాత్రూముల్లో వాడే, వెనిగర్ లాంటి పుల్లటి వాసన వచ్చే సిలికాన్ బండి బయట వాడవద్దు. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం లోహాన్ని తింటుంది. దానిమీద పెయింటు నిలవదు, తర్వాత వేసే ఏ సీలెంటూ అంటుకోదు. ఇదివరకే ఎవరైనా వేసి ఉంటే ప్లాస్టిక్ గీరుడు పట్టీతో మొత్తం గీరేసి, సిలికాన్ తీసే ద్రావకంతో తుడిచి, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. థిన్నర్ ప్లాస్టిక్‌నూ పెయింటునూ కరిగిస్తుంది, మూల ఒకచోట పరీక్షించకుండా రుద్దకండి.

పిడి, లైటు, బ్రాకెట్ అడుగున బ్యూటైల్ టేపు బాగుంటుంది. అది ఎప్పటికీ గట్టిపడదు, అదురుకు చిట్లదు, రేపు విప్పాలన్నా వస్తుంది. ఎండలో మెత్తబడి కొద్దిగా జారుతుంది కాబట్టి కనిపించే అంచుకు పనికిరాదు. బయటి అంచుకు పీయూ (పాలియురెథేన్) సీలెంట్ లేదా ఎంఎస్ పాలిమర్ అనే రకం సీలెంట్ వాడాలి. పీయూ గట్టి జిగురు, విప్పడం కష్టం. మళ్లీ తీయాల్సి రావచ్చనుకునే సామానుకు ఎంఎస్ పాలిమర్ మంచిది.

పని చేసే వేళ ముఖ్యం. మే నెల మధ్యాహ్నం రేకు చేత్తో తాకలేనంత కాలుతుంది. దానిమీద సీలెంట్ వేస్తే పైన వెంటనే పొర కట్టి, లోపల బుడగలు వస్తాయి, అంచులు లేస్తాయి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపు, రేకు నీడలో ఉండగా చేయండి. మంచు కురిసిన రోజు అరగంట ఆగి పొడిగుడ్డతో తుడవండి. పీయూ గాల్లోని తేమతోనే గట్టిపడుతుంది, రోజుకు సుమారు 3 మి.మీ. లోతు. మన తీరంలో తేమ ఎక్కువ కాబట్టి పైపొర త్వరగా కడుతుంది. అందుకని ఒకసారి ఒక బ్రాకెట్టుకే వేసి, పూర్తిచేసి, తర్వాతదానికి వెళ్లండి.

క్రమం ఇది. రంధ్రం బయటి అంచును పెద్ద బిట్టుతో కొద్దిగా గరాటులా విప్పండి, సీలెంట్ అక్కడ కూర్చుని బోల్టు ఒంటి చుట్టూ రింగులా పడుతుంది. బ్రాకెట్ అడుగున అంచు వెంబడి బ్యూటైల్ పరచి, ప్రతి రంధ్రం చుట్టూ విడిగా ఒక చుట్టు వేయండి. బ్రాకెట్ పెట్టి, బోల్టులు దూర్చి, బోల్టు తలను పానాతో కదలకుండా పట్టుకుని లోపలి నట్టును తిప్పండి. తల తిప్పితే దాని కింద సీలెంట్ చిరిగిపోతుంది. నాలుగు బోల్టులనూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. బ్యూటైల్ చుట్టూ సమానంగా బయటికి రావాలి. రెండో రోజు మళ్లీ బిగించండి, అది ఒత్తిడికి పరుచుకుని కొంత దారి ఇస్తుంది. బయటికి వచ్చినదాన్ని ప్లాస్టిక్ పట్టీతో కోసి, పైన, రెండు పక్కల పీయూ గీత వేయండి. నిలువు గోడ మీద అడుగున వేయవద్దు. ఎప్పుడైనా చుక్క లోపలికి పోతే బయటికి రావడానికి అదే దారి.

ఎంత బిగించాలి? ఎం6 స్టెయిన్‌లెస్ బోల్టుకు 7, 8 న్యూటన్ మీటర్లు దాటనక్కర్లేదు, రివిట్ నట్టులో అయితే ఇంకా తక్కువ. బిగింపు బలం చూపే టార్క్ పానా లేకపోతే రేకును చూడండి, బ్రాకెట్ చుట్టూ గుంత కనిపించడం మొదలైతే అప్పటికే ఎక్కువైంది. రివిట్ నట్టులో వేసే బోల్టుకు నైలాక్ కుదరదు కాబట్టి నీలం రంగు మధ్యరకం థ్రెడ్ లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి. మరల మీద గ్రీజు ఉంటే అది పట్టదు, ముందు తుడిచి, ఒక రోజు ఆరనివ్వాలి. స్ప్రింగు వాషర్ల మీద మన మెకానిక్కులకు నమ్మకం ఎక్కువ. అదురుకు అవి ఆపేది చాలా తక్కువ.

ఒక్కో సామానుకు ఒక్కో బరువు

వెనక నిచ్చెన అన్నిటికంటే మోసం చేసేది. మనిషి ఎక్కినప్పుడు అతని బరువు గోడకు దూరంగా ఉంటుంది. కాబట్టి పై బ్రాకెట్లు గోడనుంచి బయటికి లాగబడతాయి, కింది బ్రాకెట్లు లోపలికి ఒత్తబడతాయి. కింద రివిట్ నట్లు నిలుస్తాయి. పైన మాత్రం అటూ ఇటూ వెళ్లే ఎం8 బోల్టులు, లోపల 3 మి.మీ. పట్టీ తప్పనిసరి, వీలైతే పట్టీ ఫ్రేము పైపు మీదకు వచ్చేలా పెట్టాలి. లోపల ప్లైవుడ్ విప్పాల్సి వస్తుందని ఈ పని వాయిదా వేయకండి, మిద్దెమీద ఉన్న మనిషి దిగడానికి వేరే దారి లేదు.

ఆనింగ్ (బండి పక్కన నీడకు పరిచే గుడ్డ పందిరి) బ్రాకెట్లదీ అదే లెక్క, పైగా గాలి కూడా తోడవుతుంది. ఒడ్డున సాయంత్రం సముద్రపు గాలి లేచినప్పుడు పరిచిన గుడ్డ తెరచాపలా పనిచేసి, బ్రాకెట్ మీద పడే లాగుడు దాని సొంత బరువుకు ఎన్నో రెట్లవుతుంది. ఫ్రేముకు పడని ఆనింగ్ బోల్టు ఒక్కటి కూడా ఉండకూడదు. పాత రంధ్రాలు ఫ్రేముకు పక్కగా ఉంటే, రెండు నిలువు పైపులను కలిపే 40 × 5 మి.మీ. ఇనప పట్టీ లోపల వేసి దానికి బోల్టు పట్టండి. గాలి వేస్తుంటే చుట్టేయడమే మంచిది. రాత్రి ఎప్పుడూ పరిచి పడుకోకండి.

డిక్కీ తలుపు బందులు మాటిమాటికీ వదులైతే బందునే నిందించకండి. ఎక్కువసార్లు అసలు కారణం ఉబ్బిపోయిన రబ్బరు బీడింగో, పక్కకు జరిగిన తాళం కొక్కెమో అవుతుంది. తలుపు మూయడానికి అరచేత్తో గట్టిగా నెట్టాల్సి వస్తోందంటే ఆ ఒత్తిడి ప్రతిసారీ బందు స్క్రూల మీద పడుతోంది. తలుపు కింద చెక్క ముక్క ఆనించి ఎత్తు సరిచేసి, కొక్కెం స్క్రూలు వదిలి, రెండు వేళ్లతో మూసుకునేలా జరిపి, తర్వాతే బందు బిగించండి. బందు ఇరుసు అరిగి అటూ ఇటూ ఊగుతుంటే స్క్రూలు మార్చి లాభం లేదు, బందునే మార్చాలి.

సైడు లైట్లు, ఇండికేటర్లు ప్లాస్టిక్. చేత్తో గట్టిపడ్డాక పావు చుట్టు చాలు. వాటి మీద థ్రెడ్ లాకర్ పడితే ప్లాస్టిక్ చిట్లుతుంది. కొన్ని పాత లైట్లకు ఎర్త్ స్క్రూ ద్వారానే బాడీకి పోతుంది. మీరు ప్రైమరు, సీలెంట్ వేసి నీట్‌గా బిగించాక లైటు వెలగకపోతే కారణం ఇదే. విడిగా ఒక ఎర్త్ తీగ లాగండి. మడ్ ఫ్లాపులకు పై అంచు పొడవునా ఒక పట్టీ పెట్టి బోల్టులు వేస్తే రబ్బరు చిరగదు.

నీళ్ల పరీక్ష, తర్వాత

పీయూ రెండు రోజులు ఆరాక తోటకు నీళ్లు పట్టే గొట్టంతో పరీక్షించండి. ప్రెషర్ వాషరు వద్దు, అది మంచి సీలును కూడా లేపుతుంది. కింది బ్రాకెట్ నుంచి మొదలుపెట్టి ఒక్కోదాని మీద పది నిమిషాలు నీళ్లు పారించి పైకి వెళ్లండి, ఇంకొకరు లోపల టార్చి పట్టుకుని చూడాలి. పైనుంచి మొదలుపెడితే ఎక్కడ కారుతోందో తెలియదు.

బిగించిన ప్రతి బోల్టు మీదా, పక్కన బ్రాకెట్ మీదా కలిసేలా పెయింటుతో ఒక సన్నటి గీత గీయండి. తర్వాత ఎప్పుడైనా గీత విడిపోయి కనిపిస్తే బోల్టు తిరిగింది. సుమారు నూట ఇరవై కిలోమీటర్లు నడిచాక, అంటే నెల్లూరు నుంచి జాతీయ రహదారి మీద ఒంగోలు చేరేసరికి, అన్ని గీతలూ ఒకసారి చూడండి. దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగాక మళ్లీ చూడండి. ఒడ్డునుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో బ్రాకెట్ల సందులు కడగాలి, బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కాదు.

బ్రాకెట్ విప్పినప్పుడు ఇనప పైపే చిట్లి కనిపిస్తే, లేదా తుప్పుతో స్క్రూడ్రైవర్ మొన దిగుతుంటే, ఇంట్లో చేసే పని కాదు. నెల్లూరు ఆటోనగర్‌లో బస్సు బాడీ పని చేసే షెడ్డుకు తీసుకెళ్లండి. వెల్డింగు పెట్టే ముందు ఆ చోట రెండువైపులా కనీసం ఒక అడుగు దూరం వరకు ఫోమ్, ప్లైవుడ్ తీయించాలి, బ్యాటరీ రెండు తీగలూ, సోలార్ కంట్రోలరు తీగలూ విప్పించాలి, గ్యాసు సిలిండర్ బండిలోంచి దించేయాలి. అతుకు చల్లారాక దానిమీద జింకు ప్రైమరు రెండు కోట్లు పడి ఆరిందని మీ కళ్లతో చూశాకే రేకు మూయనివ్వండి.